ఏథెన్స్ నుంచి ఒక్క రోజులో డెల్ఫీ, ఆరహోవా: సమగ్ర మార్గదర్శి

ఏథెన్స్‌కు వాయవ్యంగా సుమారు 180 కి.మీ. దూరంలో, పర్నాసోస్ పర్వతం దక్షిణపు వాలు మీద ఉంది డెల్ఫీ. ప్రాచీన గ్రీకుల నమ్మకం ప్రకారం భూమికి నాభి అదే. యుద్ధానికి దిగాలన్నా, సముద్రం దాటి కొత్త ఊరు కట్టాలన్నా రాజ్యాలు ముందు అక్కడి అపోలో గుడికి మనుషుల్ని పంపి ప్రశ్న అడిగించేవి. డెల్ఫీకి పది కిలోమీటర్ల ముందు, సుమారు 960 మీ. ఎత్తున కొండకు అతుక్కుని ఆరహోవా అనే ఊరు ఉంది. ఈ రెండింటినీ ఒక్క రోజులో తీరిగ్గా చూడొచ్చు. మూడోది కలపాలనుకుంటే ఓసియోస్ లూకాస్ మఠం ఒక్కటే కలపండి, అదీ చేతిలో కారు ఉంటేనే. నిట్టనిలువు బండల మీది మఠాలకు పేరుపడ్డ మెటెయోరాను కూడా అదే రోజు చుట్టేద్దామని చాలామంది అడుగుతారు. డెల్ఫీ నుంచి అక్కడికి మూడు గంటలకు పైగా ప్రయాణం. అలా చేస్తే రోజంతా కారు అద్దంలోంచి కొండలు చూడటమే మిగులుతుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి.

ఈ యాత్ర బాగా సాగేదీ, చెడేదీ ఒక్క విషయం దగ్గరే: శిథిలాల కొండ ఎన్నింటికి ఎక్కుతారు, మ్యూజియంలోకి ఎన్నింటికి వెళతారు. మిగతాదంతా దాని చుట్టూ సర్దుకోవచ్చు.

నెల, వారం ఎంచుకోవడం

ఏప్రిల్ రెండో సగం, మే నెల, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. మేలో రాళ్ల సందుల్లో అడవిపూలు ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటడం మామూలే. కొండ దక్షిణానికి తిరిగి ఉంటుంది కాబట్టి ఎండ నేరుగా కొడుతుంది, వెనకనున్న నిట్టనిలువు బండలు ఆ వేడిని తిరిగి మీ మీదికే పంపుతాయి. తీవ్రమైన వడగాడ్పులు వీచినప్పుడు పురావస్తు స్థలాలను మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేయడం కూడా గ్రీసులో జరుగుతోంది.

చలికాలంలో డెల్ఫీ ఖాళీగా ఉంటుంది, ఆరహోవా కిటకిటలాడుతుంది. పర్నాసోస్ మీద స్కీయింగ్ కేంద్రం ఉంది కాబట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా శని, ఆదివారాల్లో ఏథెన్స్ జనం సగం అక్కడే ఉన్నారా అనిపిస్తుంది. ఊరి నడివీధే పెద్ద రోడ్డు కూడా కావడంతో కార్లు చీమల్లా కదులుతాయి. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు మామూలు పనిరోజు ఎంచుకోండి. మంచు పడే అవకాశం ఉంటే టైర్లకు గొలుసులు ఉన్నాయో లేదో కారు అద్దెకిచ్చే చోటే అడగండి.

టికెట్టు, వేళలు, సెలవులు

శిథిలాలకూ మ్యూజియానికీ కలిపి ఒకే టికెట్టు. 2025 ఏప్రిల్‌లో ధరలు పెంచాక పెద్దవాళ్లకు 20 యూరోలు. గ్రీసు సాంస్కృతిక శాఖ అధికారిక ఈ-టికెట్ సైటులో ముందే కొనుక్కుంటే కౌంటరు వరస తప్పుతుంది. మొదటిసారి లోపలికి వెళ్లాక టికెట్టు పారేయకండి, రెండో గేటు దగ్గర మళ్లీ చూపించాలి.

వేసవిలో పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తెరిచి ఉంటుంది. సెప్టెంబరు నుంచి పొద్దు కుంచించుకుపోయిన కొద్దీ మూసే వేళ కూడా ముందుకు జరుగుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా 8:30 నుంచి 3:30 వరకే. వేసవి వేళలు గుర్తుపెట్టుకుని నవంబరులో సాయంత్రం నాలుగింటికి చేరేవాళ్లు గేటు దగ్గరి నుంచే వెనుదిరుగుతారు.

జనవరి 1, మార్చి 25, ఈస్టర్ ఆదివారం, మే 1, డిసెంబరు 25, 26 తేదీల్లో పూర్తిగా మూత. గ్రీకు ఈస్టర్ తేదీ చాలా ఏళ్లు మన క్యాలెండర్లలో కనిపించే ఈస్టర్ కన్నా వెనక వస్తుంది, విడిగా చూసుకోండి. మార్చి 6, ఏప్రిల్ 18, మే 18, సెప్టెంబరు చివరి శని, ఆదివారాలు, అక్టోబరు 28, నవంబరు నుంచి మార్చి దాకా ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. డబ్బు మిగులుతుంది గానీ జనం ఎక్కువ.

చేరుకోవడం: కారులో

మన దేశపు లైసెన్సుతో నడిపేవాళ్లు బయల్దేరకముందే ఇక్కడి ఆర్టీవో నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. పరివాహన్ సైటులో దరఖాస్తు, రుసుము వెయ్యి రూపాయలు, గడువు ఏడాది. గ్రీసులో దిగాక అది దొరకదు. పర్మిట్ లేకుండా ఎవరైనా కారు ఇచ్చినా, ప్రమాదం జరిగినప్పుడు బీమా పనికిరాకుండా పోతుంది. అమెరికా లైసెన్సు ఉన్నవాళ్లకు 2021 చట్టం తర్వాత గ్రీసు పర్మిట్ అడగడం లేదు. అయినా అద్దె కంపెనీ షరతులు చదువుకోండి.

అక్కడ వాహనాలు కుడివైపు నడుస్తాయి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. చిన్న కార్లలో గేర్లవే ఎక్కువ. కుడిచేత్తో గేర్లు మార్చడం కొత్త కాబట్టి అలవాటు లేనివాళ్లు ఆటోమేటిక్ కావాలని ముందే చెప్పాలి. ఊరి నడుమ సింతగ్మా దగ్గర కారు తీసుకుని ఆ సందుల్లోంచి బయటపడటం అన్నింటికన్నా కష్టమైన పని. విమానాశ్రయంలో తీసుకుంటే అత్తికి ఒదోస్ అనే టోల్ రహదారి మీదుగా మెటమోర్ఫోసి కూడలి దగ్గర నేరుగా ఉత్తరానికి వెళ్లే ఏ1 జాతీయ రహదారి ఎక్కేయొచ్చు. లామియా, థెస్సలొనీకి బోర్డులు చూసుకుంటూ వెళ్లి, థీవా దగ్గర దిగి, లివాడియా మీదుగా ఆరహోవా, అక్కణ్నుంచి డెల్ఫీ. ఆగకుండా వెళితే రెండున్నర గంటలు. టోల్‌గేట్ల కోసం చిల్లర అందుబాటులో పెట్టుకోండి.

లివాడియా దాటాకే కొండదారి మొదలవుతుంది. రోడ్డు బాగుంటుంది, కానీ వంపుల్లో టూరిస్టు బస్సులు ఎదురొస్తాయి. వాంతుల బాధ ఉన్న పిల్లలకు లివాడియాలోనే మందు వేయండి. పెట్రోలు కూడా అక్కడే నింపుకోండి. డెల్ఫీలో శిథిలాల ముందు రోడ్డు పక్కనే కారు పెట్టుకోవచ్చు, పైకం కట్టక్కర్లేదు. తొమ్మిదిన్నర దాటితే చోటు దొరకడం కష్టం.

చేరుకోవడం: బస్సులో

ఏథెన్స్‌లో లియోసియోన్ వీధి బస్టాండు నుంచి కేటెల్ ఫోకీదస్ అనే సంస్థ బస్సులు వెళతాయి. ఈ బస్టాండునే టెర్మినల్ బి అంటారు. టెర్మినల్ ఏ వేరే చోట ఉంది, టాక్సీ ఎక్కేటప్పుడు వీధి పేరుతో చెప్పండి. మెట్రో స్టేషను పక్కన లేదు కాబట్టి తెల్లవారుజామున టాక్సీయే నయం. ప్రయాణం మూడు గంటలు, దారిలో ఒకచోట టీ, కాఫీలకు ఆపుతారు. రోజుకు కొన్ని బస్సులే, వేళలు కాలాన్ని బట్టి మారతాయి. వెళ్లే బస్సు కన్నా ముందు తిరుగు బస్సు వేళ చూసుకోండి. మొత్తం రోజు దాన్ని బట్టే సర్దుకోవాలి. తిరుగు టికెట్టు కూడా అప్పుడే కొనేయండి.

బస్సు శిథిలాల ముందు నుంచే పోయి ఊరి పడమటి చివర ఆగుతుంది. అక్కణ్నుంచి వెనక్కి పది, పదిహేను నిమిషాల నడక. ముందు మ్యూజియం, దాని తర్వాత శిథిలాల గేటు వస్తాయి.

వెంట ఉండాల్సినవి

మనిషికి లీటరున్నర నీళ్లు. గేటు లోపల అంగడి ఏదీ లేదు. అడుగు గట్టిగా పట్టే బూట్లు వేసుకోండి. వందల ఏళ్లుగా పాదాలు రాసుకున్న పాలరాయి ఎండలో కూడా జారుతుంది, చినుకు పడితే గాజే. టోపీ కావాలి. ఆరహోవాలో సాయంత్రానికి మే నెలలో కూడా చలేస్తుంది కాబట్టి ఒక స్వెట్టరు. చంటిపిల్లల తోపుడుబండి కొండ మీద ఎందుకూ పనికిరాదు, ఎత్తుకునే సంచి తెచ్చుకోండి. డ్రోను తేకండి, అనుమతి లేనిదే ఎగరేయకూడదు.

ముందు కొండా, ముందు మ్యూజియమా?

కారులో వచ్చి తొమ్మిదిలోపు చేరితే ముందు కొండ ఎక్కండి. పదిన్నర, పదకొండుకు ఏథెన్స్ టూరిస్టు బస్సులన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. అవి వచ్చేసరికి మీరు పై నుంచి దిగుతూ ఉండాలి. ఆ వేడిలో మ్యూజియంలోకి వెళితే చల్లగానూ ఉంటుంది.

వేసవిలో బస్సులో పదకొండుకు చేరేవాళ్లు దీన్ని తిరగేయాలి. ముందు మ్యూజియం, తర్వాత భోజనం, నాలుగు తర్వాత కొండ. అప్పటికి గుంపులు వెళ్లిపోతాయి, రాళ్ల మీద పసుపు వెలుగు పడుతుంది. తిరుగు బస్సు ఏడుకో ఆ తర్వాతో ఉన్నప్పుడే ఇది కుదురుతుంది. చలికాలంలో మాత్రం ఎన్నింటికి చేరినా ముందు కొండే, గేటు మూసేస్తారు కాబట్టి.

కొండ మీద: రెండు నుంచి రెండున్నర గంటలు

గేటు దాటగానే రోమన్ల కాలపు అంగడి ఆవరణ. అక్కణ్నుంచి 'పవిత్ర మార్గం' మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. రెండు పక్కలా కనిపించే ఖాళీ దిమ్మెలు నగర రాజ్యాలు పోటీలుపడి పెట్టిన కానుకల పీఠాలు. స్పార్టా ఒకటి పెడితే దానికి ఎదురుగా ఆర్గోస్ ఇంకొకటి. ఇక్కడ ఎక్కువసేపు నిలబడకండి, చూడాల్సినవి పైన ఉన్నాయి.

మొదటి పెద్ద మలుపులో చిన్న గుడిలా నిండుగా కనిపించేది ఏథెన్స్ వాళ్ల ఖజానా, అంటే దేవుడికిచ్చిన కానుకలు దాచే కట్టడం. దొరికిన రాళ్లతోనే 1903–1906 మధ్య దాన్ని తిరిగి నిలబెట్టారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఇక్కడిదాకా తీసుకొచ్చి, కాసేపు కూర్చోబెట్టి, వెనక్కి పంపొచ్చు. దీంతో పాటు మ్యూజియం చూస్తే వాళ్లకు డెల్ఫీ చూసినట్టే.

ఖజానా దాటాక ఎడమవైపు ఒక పెద్ద గోడ వస్తుంది. చాలామంది దాన్ని చూడకుండా గుడివైపు నడిచేస్తారు. ఆగండి. క్రీ.పూ. 548లో పాత గుడి కాలిపోయాక కొత్త గుడి అరుగును నిలబెట్టడానికి కట్టిన గోడ ఇది. ఒక్క రాయి కూడా చదరంగా ఉండదు. ఒకదాని వంపులోకి ఇంకొకటి కూర్చునేలా చెక్కారు, సందులో గోరు కూడా దూరదు. ఇంత భూకంపాల నేల మీద ఇన్ని శతాబ్దాలు నిలవడానికి ఆ అల్లికే కారణం. ఇంకాస్త దగ్గరికి వెళ్లి పక్కనుంచి వెలుగు పడేలా చూస్తే రాళ్ల నిండా చిన్న చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఎనిమిది వందలకు పైగా శాసనాలు, ఎక్కువ భాగం బానిసల విడుదల పత్రాలే. యజమాని బానిసను అపోలోకు అమ్మినట్టు రాసి విడిచిపెట్టేవాడు. ఆ మాట రాతి మీద పదిమందికీ కనిపించేలా ఉంటే రేపు ఎవరూ కాదనలేరు. డెల్ఫీ మొత్తంలో రాజులవి కాని పేర్లు ఇన్ని చదవగలిగే చోటు ఇదే. తాకకండి, చేతి చెమటకు అక్షరం అరుగుతుంది.

గోడ చివర మలుపు తిరిగితే గుడి ముందుకు వస్తారు. అక్కడ మూడు పాములు పెనవేసుకున్నట్టున్న కంచు స్తంభం నకలు. పర్షియన్లను క్రీ.పూ. 479లో ప్లాటియా దగ్గర ఓడించాక గ్రీకులు పెట్టిన అసలు స్తంభం ఇస్తాంబుల్‌లో ఉంది. ఎదురుగా అపోలో గుడి. పక్కలకు పదిహేను, ముందువెనకలకు ఆరు చొప్పున స్తంభాలు ఉండేవి, వాటిలో తిరిగి నిలబెట్టిన ఆరు ఇప్పుడు కనిపిస్తాయి. క్రీ.పూ. 373 భూకంపంలో పడిపోయిన గుడి స్థానంలో కట్టింది ఇది. పూజారిణి పీథియా ప్రశ్నలకు జవాబు చెప్పింది లోపలి గదిలోనే. ఆమె భూమిలోంచి వచ్చే ఆవిరి పీల్చి మైకంలో మాట్లాడేదని గైడ్లు తేల్చి చెబుతారు. ఆ ఆవిరి సంగతి మీద భూగర్భ శాస్త్రజ్ఞుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. గుడి లోపలికి వెళ్లనివ్వరు.

పైన నాటకశాల, 35 వరసలు, సుమారు ఐదు వేలమంది పట్టేంత. ఫొటో ఇక్కడి పై వరస పక్కనుంచి తీయాలి. కింద గుడి, దాని కింద ప్లీస్తోస్ లోయ, లోయ నిండా ఆలివ్ చెట్లు ఒకే చట్రంలో వస్తాయి. ఇక్కడితో వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. మరో పది, పదిహేను నిమిషాలు ఎక్కితే పైన్ చెట్ల నడుమ స్టేడియం, 177 మీ. పొడవు. అపోలో పేరిట పీథియన్ క్రీడలు నాలుగేళ్లకోసారి జరిగినప్పుడు పరుగు పందేలు ఇక్కడే. పరుగు మొదలుపెట్టే రాతి గీతలో కాలివేళ్లు పట్టుకోవడానికి చెక్కిన గాడి ఇంకా ఉంది. ఓపిక ఉంటే తప్పక ఎక్కండి. బండలు దొర్లే ప్రమాదం ఉన్నప్పుడు పై భాగాన్ని మూసేస్తారు, తాడు కట్టి ఉంటే దాటొద్దు.

మ్యూజియం: గంటన్నర

ఫొటోలు తీయొచ్చు, ఫ్లాష్ వాడకూడదు. శిల్పాల ముందు వాటిలా భంగిమలు పెట్టి దిగితే కాపలావాళ్లు వెంటనే వారిస్తారు.

క్లేయోబిస్, బీటోన్ అనే జంట యువకుల విగ్రహాలు, నాక్సోస్ దీవి వాళ్లు పెట్టిన స్ఫింక్స్ (ఆడ ముఖం, రెక్కలున్న సింహం శిల్పం), సిఫ్నోస్ ఖజానా మీది చెక్కడపు పట్టీ ఇవన్నీ వరసగా వస్తాయి. సంగీతం తెలిసినవాళ్లు ఒక రాతి పలక దగ్గర ఆగాలి. క్రీ.పూ. 128 నాటి అపోలో కీర్తనలు ఏథెన్స్ ఖజానా గోడ మీద చెక్కారు. మన సంగీత పుస్తకాల్లో సాహిత్యం మీద స్వరం వేసినట్టు, పాట వరసల మధ్య ఎలా పాడాలో గుర్తులు ఉన్నాయి. వాటిని బట్టి ఆ పాటను ఇవాళ కూడా పాడుతున్నారు.

చివరి గదిలో కంచు రథసారథి. దానికోసం కనీసం పావుగంట అట్టేపెట్టుకోండి. క్రీ.పూ. 478లోనో 474లోనో రథాల పందెంలో గెలిచినందుకు సిసిలీ దీవిలోని గేలా పాలకుడు పోలీజాలోస్ పెట్టిన కానుక. నిలువు 1.80 మీ. భూకంపంలో మట్టి కింద పడిపోవడం వల్లే కరిగించేవాళ్ల చేతికి చిక్కకుండా 1896లో బయటపడింది. ముందు కళ్లు చూడండి. రంగురాయి, గాజు పొదిగినవి, చుట్టూ కంచు రేకుతో కత్తిరించిన కనురెప్పల వెంట్రుకలు. పెదవులకు రాగి. తర్వాత వంగి పాదాలు చూడండి. నరాలు, వేళ్ల మడతలు, గోళ్లు అన్నీ ఉన్నాయి. ఈ సారథి రథంలో నిలబడి ఉండేవాడు, ఆ పాదాలు కింద ఉన్నవాళ్లకు కనిపించే వీలే లేదు. అయినా అంత శ్రద్ధగా చేశారు.

అథీనా గుడి ఆవరణ: ముప్పావుగంట

గేటు నుంచి ఆరహోవా వైపు రోడ్డు పక్కన పది, పదిహేను నిమిషాలు దిగితే, కస్తాలియా ఊట దాటాక కుడివైపు కింద అథీనా ప్రొనేయా ఆవరణ ఉంది. ప్రవేశం ఉచితం. పోస్టుకార్డుల మీద కనిపించే గుండ్రటి కట్టడం, మూడు స్తంభాలతో, ఇక్కడిదే. క్రీ.పూ. నాలుగో శతాబ్దపు మొదటి సగానిది. బస్సు గుంపులు చాలావరకు దీన్ని వదిలేసి పోతాయి. వాహనాల పక్కన నడవాలి కాబట్టి పిల్లల చెయ్యి పట్టుకోండి.

ఆరహోవా: భోజనం, ఊరు

కారు నడివీధిలో పెట్టాలని చూడకండి. ఊరి మొదట్లో చోటు దొరికితే అక్కడే ఆపి నడవండి. బస్సు వాళ్లు డెల్ఫీ నుంచి టాక్సీలో వచ్చి, ఏథెన్స్ వెళ్లే బస్సును ఇక్కడే ఎక్కొచ్చు. బస్సు డెల్ఫీలోనే నిండి రావచ్చు, సీటున్న టికెట్టు ముందే చేతిలో ఉండాలి.

ఇక్కడి సొంత సరుకు ఫోర్మాయెలా అనే గొర్రె, మేక పాల జున్ను. పొడవాటి గుండ్రటి దిమ్మలా ఉంటుంది, ముక్కలు కోసి పెనం మీద కాల్చి నిమ్మకాయ పిండి ఇస్తారు. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే రబ్బరులా సాగుతుంది. శాకాహారులకు గీగాంతెస్ అనే పెద్ద చిక్కుడు గింజల కూర, హోర్తా అనే ఉడికించిన ఆకుకూర, గ్రీకు సలాడ్ ఉంటాయి. 'హోరిస్ క్రేయస్' అంటే మాంసం లేకుండా అని. గెమిస్తా అనే కూరిన టమాటా, క్యాప్సికంలలో ఒక్కోచోట ఖైమా కలుపుతారు, అడిగి తెప్పించుకోండి. హిలోపితెస్ అనే పాస్తాలో గుడ్డు ఉంటుంది, చాలాసార్లు కోడిపులుసుతో వండుతారు. ఉపవాస వంటను 'నిస్తీసిమో' అంటారు. అందులో పాలు, గుడ్డు, మాంసం ఉండవు గానీ రొయ్యలు, ఆక్టోపస్ ఉండొచ్చు. అడగకుండా బల్లమీద పెట్టే రొట్టెకు బిల్లులో కొంత వేస్తారు, అది అక్కడి పద్ధతి.

తిన్నాక మెట్ల సందుల్లో ఎక్కి బండ మీది గడియార స్తంభం వైపు వెళ్లండి. పై నుంచి ఊరి ఎర్ర పెంకుల కప్పులన్నీ కనిపిస్తాయి. ఇంకా పైన సెయింట్ జార్జ్ చర్చి. ఏప్రిల్ 23 ప్రాంతంలో ఆయన పండుగకు ముసలివాళ్లు ఎత్తు ఎక్కుతూ పరుగు పందెం పెట్టుకుంటారు. గొర్రె ఉన్ని నేతకు ఊరు పేరు పడింది. ఇక్కడే నేసినదా, బయటినుంచి తెచ్చిందా అన్నది దుకాణంలో అడిగే తీసుకోండి.

ఓసియోస్ లూకాస్: కారు ఉంటే

ఆరహోవా నుంచి అరగంట, దిస్తొమో మీదుగా. పదకొండో శతాబ్దపు బంగారు మొజాయిక్ బొమ్మలున్న బైజాంటైన్ మఠం, 1990 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీర, చుడీదార్ అయితే ఇబ్బంది లేదు. మూసే వేళకు గంట ముందు చేరకపోతే వెళ్లీ ప్రయోజనం లేదు. దారిలోని దిస్తొమోలో 1944 జూన్ 10న నాజీ సేనలు 218 మందిని చంపాయి, ఊరి పైన కొండ మీద స్మారకం ఉంది. అక్కడ కూడా కాసేపు ఆగండి.

తిరుగు ప్రయాణం

మఠం నుంచి గానీ ఆరహోవా నుంచి గానీ ఆరింటికి బయల్దేరితే లివాడియా వంపులన్నీ వెలుగులోనే దాటొచ్చు. చలికాలంలో పొద్దు ఐదుంబావుకే వాలిపోతుంది, అప్పుడు నాలుగింటికే కదలండి. నీడపట్టు వంపుల్లో రోడ్డు మీద మంచు గడ్డకడుతుంది. ఆదివారం సాయంత్రం ఏ1 మీద ఏథెన్స్‌కు దగ్గరయ్యే కొద్దీ రద్దీ పేరుకుంటుంది, గంట అదనంగా వేసుకోండి. ఆ రాత్రే విమానం ఉన్నవాళ్లు ఈ యాత్రను ఇంకో రోజుకు మార్చుకోవాలి. అత్యవసరానికి నంబరు 112.